గోడలో తీగలు, గోడ అవతల కోడలు

బుకింగమ్మకు అసలు పేరు ఒకటి ఉంది గానీ, అది బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ తప్ప ఎక్కడా అక్కరకు రాదు. సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక సగం జీవితం గడిపిన మనిషిని ఇంకెలా పిలుస్తారు? వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ బుకింగమ్మ గారే. ఆవిడకూ అదే అలవాటైపోయింది. ఎవరైనా కొత్తవాళ్ళు అసలు పేరుతో పిలిస్తే, ఎవరినబ్బా అని వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆ కిటికీ ఒక చెయ్యి పట్టేంత ఉండేది. వచ్చినవాళ్ళ మొహాలు సరిగ్గా కనపడేవి కావు, చేతులు మాత్రం కనపడేవి. గ్రీజు అంటిన చేతులు, సిరా అంటిన చేతులు, "పక్కపక్క సీట్లేనాండీ?" అని గొంతు తగ్గించి అడిగే కుర్రవాళ్ళ చేతులు. ఆవిడ వీపు వెనక గోడ, గోడకు అవతల హాలు. సినిమాలన్నీ ఆ గోడలోంచే ఆవిడ వీపుకు తగిలేవి. మాటలు తెలిసేవి కావు గానీ, ఎక్కడ తన్నుకుంటున్నారో, ఎక్కడ ఏడుస్తున్నారో, జనం ఎక్కడ పడీపడీ నవ్వుతున్నారో అన్నీ తెలిసేవి. బొమ్మ ఆడుతుందో లేదో మొదటి రోజు మొదటి ఆటలో కుర్చీల కిర్రు విని చెప్పేసేది. ఆ జోస్యం ఎన్నడూ తప్పలేదని మేనేజరే ఒప్పుకునేవాడు.

మరి లోపలికి వెళ్ళి చూడొచ్చు కదా అంటే, అక్కడే ఉంది తిరకాసు. ఆట మొదలయ్యాక కూడా ఆలస్యంగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళ తాకిడి తగ్గేసరికి తరవాతి ఆటకు వరస కట్టేవాళ్ళు తయారు. సెలవు రోజున వెళ్ళి చూసి రావచ్చుగా అని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేది. సెలవు రోజు కూడా అదే కొంపకా అనేది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. సినిమా హాల్లో పని చేసి ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరి దాకా చూడని మనిషి ప్రపంచంలో తనొక్కతే ఉంటుందని ఆవిడ గట్టి నమ్మకం. అందులో కాస్త గర్వం కూడా ఉందని చూసేవాళ్ళకు తెలిసిపోతుంది.

భర్తదీ ఆ హాల్లోనే ఉద్యోగం, గేటు దగ్గర. ఆవిడ ఇచ్చిన టికెట్టును ఆయన సగానికి చింపేవాడు. సంసారం కూడా అలాగే నడిచిందని ఆయన ఎదుటే అని నవ్వుతుంది. ఆయన తలుపు దగ్గర నిలబడి ప్రతి సినిమా మొదట్లో కాస్త చూసేవాడు, మిగతాది ఆవిడ గోడలోంచి వినేది. భోజనాల దగ్గర ఇద్దరూ కూర్చుని ఆయన చూసిందీ ఆవిడ విన్నదీ కలిపి ఒక కథ అల్లి కొడుక్కి చెప్పేవారు. పెద్దయ్యాక అవే సినిమాలు చూసిన కొడుకు, వాళ్ళు చెప్పిన కథలే బాగున్నాయని నేటికీ అంటాడు.

హాలు మూసేసిన రోజున యజమాని పనివాళ్ళందరినీ లోపల కూర్చోబెట్టి ఆఖరి ఆట వేయించాడు. బుకింగమ్మ నడిమధ్య సీట్లో కూర్చుంది. తెర మీద వాన మొదలైంది. ఆ వాన ముందు నుంచి కాకుండా వెనక నుంచి వినపడేసరికి ఆవిడ నిజంగానే వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఇంటి దగ్గర బట్టలు ఆరేసి వచ్చానే అని గుండె గుభేలుమంది కూడా. ఇంతలో ఎవరో వచ్చి బుకింగ్ తాళాలు ఎక్కడ పెట్టారని అడిగారు. లేచి వెళ్ళింది. ఆ వెళ్ళడం వెళ్ళడమే, తిరిగి వచ్చేసరికి ఆట అయిపోయింది, దీపాలు వెలిగాయి.

"సినిమా అంటే ఎదురుగా ఉంటుందనుకున్నానురా ఇన్నాళ్ళూ. దాని మధ్యలో కూర్చోవచ్చని నాకెవరూ చెప్పలేదు" అంది ఆ రాత్రి కొడుకుతో. చెప్పి ఊరుకుంది. కొడుకు ఊరుకోలేదు.

కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. తెల్లవారకముందే వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. తల్లి మాట మనసులో పెట్టుకుని, ఇంటికి వెనక వైపు ఒక గది పెంచుదామని అనుకోగానే ఆ గది దేనికో కూడా తేల్చేశాడు. చుట్టూ స్పీకర్లు, గోడల్లోనే తీగలు, ఎక్కడా ఒక్క వైరు కంటికి కనపడకూడదు. మధ్యలో అమ్మ కుర్చీ. సిమెంటు పూత పడకముందే గోడల్లో పైపులు వేసేస్తే తరవాత పగలగొట్టే బాధ ఉండదని వాడి లెక్క.

అంతా బాగానే ఉంది, ఒక్క కోడలి నిద్ర తప్ప.

కోడలు అంబులెన్సులను పంపే ఆఫీసులో రాత్రిపూట ఫోన్లు ఎత్తుతుంది. చెవులకు ఫోను తగిలించుకుని, అవతల ఎవరు ఏడుస్తున్నా, ఎవరు అరుస్తున్నా, చిరునామా రాబట్టి బండిని పంపడం ఆమె పని. పొద్దున్నే ఇంటికొచ్చి, స్నానం చేసి, తలుపు వేసుకుని పడుకుంటుంది. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చిన దగ్గరనుంచీ పగలంతా ఇల్లు నోరు మూసుకుని బతుకుతోంది. కుర్చీ జరపాలంటే ఇద్దరు మోసుకెళ్ళాలి. గిన్నెల కింద గుడ్డ పరవాలి. కాలింగ్ బెల్లు ఏనాడో పీకేశారు. మామగారికి తుమ్ము వస్తే పెరట్లోకి పరిగెత్తాలి, అదీ గోడవతల ఇంటివైపు తిరిగి తుమ్మాలి. టీవీ పెట్టుకుంటే ఎవరేమంటున్నారో పెదాలు చూసి కనిపెట్టుకోవాలి. ఇదంతా చేయమని కోడలు ఏనాడూ అడగలేదు. బుకింగమ్మే చట్టం చేసింది. రాత్రంతా చెవులతో చాకిరీ చేసి వచ్చిన పిల్ల చెవులకు పగలైనా విశ్రాంతి ఉండాలని ఆవిడ పట్టుదల.

చిక్కల్లా ఏమిటంటే, కొత్త గది ఒక చివర గోడా, కోడలు పడుకునే గది గోడా ఒకటే. ఇంటి హాల్లోంచి ఈ గదిలోకి వచ్చే తలుపు కూడా ఆ గోడ పక్కనే. రెండో చివర గోడ మాత్రం పెరటి వైపు ఉంది, దాని అవతల ఎవరికీ ఇబ్బంది లేదు. కొడుకు ఆలోచించి, టీవీ, ముందు వరస పెద్ద స్పీకర్లు మూడూ, బరువు శబ్దాలతో నేలను దడదడలాడించే పెట్టెనూ పెరటి గోడకు పెడదామన్నాడు. పడకగది గోడకు వెనక వరస చిన్న స్పీకర్లు రెండే. అవి సన్నగా గుసగుసలాడే రకం కాబట్టి ఫరవాలేదు.

బుకింగమ్మ స్వయంగా వెళ్ళి కోడలికి మాట ఇచ్చింది. "నీ గోడ జోలికి రామమ్మా. గోడ ఇవతల కూర్చుని అవతలి గోల భరించడం ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నీ నిద్ర చెడిందంటే ఆ పెట్టెలన్నీ నా చేత్తో తీసేస్తాను."

కోడలు ఏదో చెప్పబోయి, "అలాగే అత్తయ్యా" అని ఊరుకుంది.

గోడలు లేచాయి. తీగల పనికి వచ్చినాయన ఎప్పుడు చూసినా చేతిలో టేపుతో ఉంటాడు కాబట్టి, మామగారు ఆయనకు కొలతల మేస్త్రి అని పేరు పెట్టారు. మేస్త్రికి పనెంత వచ్చో మాటలూ అంతే వచ్చు.

"అమ్మా, చెవి ఎక్కడుంటుందో మీరు చెప్పండి, స్పీకరు ఎక్కడుండాలో నేను చెబుతా" అన్నాడు మొదటి రోజే. "వెనకవి కూర్చున్న మనిషి చెవికి కాస్త ఎత్తున ఉండాలి. ముందువి చెవికి సమానంగా ఉండాలి. కరెంటు తీగా, సౌండు తీగా ఒకే పైపులో వేస్తే తేనెటీగ దూరినట్టు జుయ్యిమంటుంది. అందుకని వేరేవేరే పైపులు. రేపు ఇంకో స్పీకరు కావాలన్నా పనికొస్తుందని ఒక ఖాళీ పైపు కూడా పడేస్తా."

"పడెయ్యి నాయనా" అంది బుకింగమ్మ. ఆవిడకు ఈ మాటలు కొత్త సినిమా కబుర్లలా ఉన్నాయి.

ఆ వారం పైపుల కోసం గోడల్లో గాళ్ళు కొట్టే పని ఉందని కోడలిని బలవంతాన వాళ్ళ అక్కగారింటికి పంపించారు. అక్కడి నుంచే డ్యూటీకి వెళ్ళొస్తోంది. కొడుకు డిపోకి వెళ్ళాడు. మేస్త్రి గది మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, "కూర్చోండమ్మా, రేపు సినిమా చూసేటప్పుడు ఎలా కూర్చుంటారో అచ్చం అలాగే" అన్నాడు.

బుకింగమ్మ కూర్చుంది. కుర్చీ పెరటి గోడ వైపు తిరిగి ఉంది, తలుపు వీపు వెనక పడింది. ఇక ఆవిడకు కుదురు లేదు. అన్నేళ్ళు వచ్చేవాళ్ళ వైపు మొహం పెట్టి కూర్చున్న ప్రాణం అది. ఇంట్లో భోజనానికి కూర్చున్నా, డాక్టరు దగ్గర కూర్చున్నా, కుర్చీని గుమ్మం వైపు తిప్పుకుంటే గానీ ఆవిడకు ఊపిరాడదు. మేస్త్రి టేపు తీసేలోపల, తనకే తెలియకుండా, కుర్చీని గిర్రున తలుపు వైపు తిప్పేసింది.

"ఇటేనా అమ్మా మీరు చూసేది?"

సరిగ్గా అప్పుడే సిమెంటు బస్తాలవాడు గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడ కళ్ళు వాడి మీద ఉన్నాయి. "ఆఁ, నేనెప్పుడూ ఇటే చూస్తాను నాయనా" అని, "ఆ బస్తా అక్కడ కాదు బాబూ, తడి తగులుతుంది" అని వాడి మీదకు వెళ్ళింది.

అబ్బాయి చెప్పిందొకటి, పెద్దావిడ కూర్చున్నదొకటి అని మేస్త్రికి అనుమానం రాకపోలేదు. అయినా కూర్చునే మనిషి ఆవిడ. ఆవిడే నోరారా చెప్పాక ఇంక అడిగేదేముంది? టేపు పెట్టి ఆవిడ చెవి నుంచి నాలుగు వైపులా కొలిచి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి, గాళ్ళు కొట్టించి, పైపులు వేసి, చివర్లలో పెట్టెలు బిగించాడు. ముందు వరస మూడూ, దడదడల పెట్టెకు పాయింటూ అన్నీ పడకగది గోడలోకి దిగిపోయాయి. పని మాత్రం చూడముచ్చటగా చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. కొడుకు రాత్రి వచ్చి టార్చిలైటు వేసి చూశాడు. ఇటు కొన్ని పైపులు, అటు కొన్ని పైపులు కనపడ్డాయి. తృప్తిపడి భోజనానికి వెళ్ళాడు. ఆ తరవాత సిమెంటు పూత పడింది, పైన తెల్లరంగు పడింది. గోడలు పెళ్ళికొడుకుల్లా మెరిశాయి.

కోడలు ఇంటికి తిరిగి వచ్చింది. ఇల్లు మళ్ళీ గప్‌చిప్.

కొడుకు సెలవు పెట్టి స్పీకర్లు తెచ్చిన రోజున బయటపడింది అసలు సంగతి. పెరటి గోడ ముందు నిలబడి మూతలు వెతికాడు. పైన రెండే ఉన్నాయి. వెనక్కి తిరిగి పడకగది గోడను చూశాడు. అక్కడ వరసగా మూడు మూతలు, కిందొకటి, అతన్నే చూస్తున్నాయి. వెంటనే మేస్త్రిని పిలిపించాడు.

వంటింట్లో గుసగుసల సభ జరిగింది. అవతల కోడలు పడుకుని ఉంది కనక అరుచుకోవడానికి కూడా వీల్లేదు. జీవితంలో అంత కోపపు తిట్లు అంత మెల్లని గొంతులో తినడం మేస్త్రికి అదే మొదటిసారి.

"నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటి?" అన్నాడు కొడుకు పళ్ళ మధ్య నుంచి.

"అమ్మగారు ఇటు తిరిగి కూర్చున్నారండి. ఇటేనా అని అడిగాను కూడా. అవునన్నారు."

అందరూ బుకింగమ్మ వైపు చూశారు. ఆవిడ ఆ వంటింట్లో కూడా గుమ్మం వైపే తిరిగి కూర్చుని ఉంది. మామగారికి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే చప్పుడవుతుందని తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడటం చూసి కొడుక్కీ కోపం జారిపోయింది.

బుకింగమ్మ మాత్రం నవ్వలేదు. "తప్పు నాదేరా. మేస్త్రినేమీ అనకు" అంది. గిన్నెల కింది గుడ్డ సర్దింది. "ఆ పెట్టెలు తిరిగి ఇచ్చెయ్యి. ఆ గది ఇస్త్రీకి వాడుకుందాం. మాట ఇచ్చాను పిల్లకి."

మాట మామూలుగానే అంది. కానీ మామగారు ఆ గొంతు పోల్చుకున్నారు. ఆఖరి ఆట నాడు తాళాలిచ్చి తిరిగి వచ్చి, దీపాలు వెలిగిన హాలును చూసినప్పుడు ఆవిడ గొంతు అలాగే ఉంది. ఆయన తువ్వాలు నోట్లోంచి తీశారు.

"ఇస్త్రీ పెట్టెకి అంత గది దేనికే? ఏదో ఒక దారి ఉంటుంది. ఏం మేస్త్రీ?"

మేస్త్రి అప్పటికే తల గోక్కుంటూ దారి వెతుకుతున్నాడు. తన చేతి పనికి మచ్చ రావడం ఆయనకు ప్రాణసంకటంగా ఉంది. పడకగది గోడకు మళ్ళీ గాడి కొట్టి, పైపులను పక్కగోడ మీదుగా పెరటి గోడకు తిప్పేస్తానన్నాడు. కూలి తీసుకోనని కూడా అన్నాడు. ఒక పూట సుత్తి మోత మాత్రం తప్పదన్నాడు. ఆ పూట కోడలు ఇంట్లో ఉండకూడదు.

అదృష్టం కొద్దీ ఆ వారంలోనే కోడలికి ఆఫీసులో పగటిపూట శిక్షణ తరగతి ఉంది. రాత్రి డ్యూటీ అయ్యాక అటునుంచి అటే తరగతికి వెళ్ళి సాయంత్రం వస్తుంది. ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా ఆ రోజు ఖాయం చేశారు. కొడుకు మళ్ళీ సెలవు పెట్టాడు. మేస్త్రి సుత్తీ ఉలీ పట్టుకుని దొంగలా వచ్చాడు.

పని మొదలైంది. మేస్త్రి సుత్తి వేస్తుంటే తెల్లటి గోడ మీంచి పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. ఇల్లంతా దద్దరిల్లుతోంది. మామగారు ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు హాల్లో నిలబడి మూడు తుమ్ములు తుమ్మారు. బుకింగమ్మ గిన్నెలన్నీ ధడేలుమని తోమింది. అసలే గోడ పోతోంది, ఆ పైన మనసు బాగోలేదు, కనీసం గిన్నెల మీదైనా తీర్చుకుందామని ఆవిడ ఉద్దేశం. కొడుకు రేడియో పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఇల్లు ఇల్లులా లేదు, బస్సు స్టాండులా ఉంది.

అప్పుడు టీ పెట్టింది బుకింగమ్మ. మేస్త్రి సుత్తి దించాడు. కొడుకు రేడియో ఆపాడు. అందరూ గ్లాసులు అందుకున్నారు. ఒక్కసారిగా ఇల్లు సద్దుమణిగింది.

పడకగది తలుపు తెరుచుకుంది.

జుట్టు రేగిపోయి, చెంప మీద దిండు మడత అచ్చు పడి, కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. తరగతి రద్దయిందిట. వీధి తలుపు తీసే ఉంటే వచ్చి పడుకుందిట. అందరూ ఎవరి గోలలో వాళ్ళు ఉండి ఎవరూ చూడనేలేదు.

బుకింగమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. మేస్త్రి సుత్తిని వీపు వెనక దాచుకున్నాడు, గోడకు అంత బెజ్జం కనపడుతుంటే సుత్తిని దాచి లాభమేమిటో ఆయనకే తెలియాలి.

"ఎందుకు ఆపేశారు?" అంది కోడలు.

"అమ్మా, తప్పైపోయిందే. నువ్వు ఇంట్లో లేవనుకున్నాం..." అని బుకింగమ్మ మొదలుపెట్టింది.

"అది కాదత్తయ్యా. ఎందుకు ఆపేశారు అంటున్నాను. పొద్దున వచ్చి పడుకున్నదాన్ని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మీరు ఆపగానే మెలకువ వచ్చేసింది."

మామగారు నోరెళ్ళబెట్టారు. కొడుకు భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు, జ్వరమేమోనని. ఆమె ఆ చెయ్యి తీసేసి, గుమ్మంలోనే కూలబడి, మొదట నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఫోన్లో అవతలివాళ్ళు ఏడుస్తున్నా అరుస్తున్నా నాకు భయం ఉండదత్తయ్యా. మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది చూడండి, అప్పుడు నా ప్రాణం పోతుంది. హలో, హలో అంటూనే ఉంటాను. ఇంటికొచ్చి పడుకుంటే ఇక్కడ కూడా అలాగే ఉంటుంది. ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు. కళ్ళు మూసుకుని చెవులు రిక్కించుకుని పడుకుంటాను. ఎక్కడో ఒక గిన్నె కింద పడితే బాగుండునని చూస్తాను. మీరు పడనివ్వరు."

"మరి చెప్పొద్దుటే!" అంది బుకింగమ్మ. గొంతు ఆకాశాన్ని అంటింది. పగటిపూట ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ మాట్లాడి ఎరగరు.

"ఎలా చెప్పను? మీరు గుడ్డలు పరిచి గిన్నెలు పెడుతుంటే, ఈయన కుర్చీలు మోస్తుంటే, మామయ్య పెరట్లోకి పరిగెత్తుతుంటే... నాకోసం అంత కష్టపడుతున్నారు, నిద్ర మాత్రం పట్టట్లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క తుమ్ము సుఖంగా తుమ్మలేదమ్మా నేను" అన్నారు మామగారు దీనంగా. ఆ మాటకు మేస్త్రి ముందు నవ్వాడు, తరవాత ఇక ఎవరూ ఆగలేదు. బుకింగమ్మ నవ్వింది, ఏడ్చింది, కోడలి వీపు మీద ఒక్కటి వేసింది, వేసిన చేత్తోనే దగ్గరకు లాక్కుంది. ఇంత ప్రేమగా ఒకరినొకరు ఇన్నాళ్ళు కాల్చుకు తిన్నామా అని ఆవిడకు ఒక పక్క బాధగా ఉంది, ఇంకో పక్క చెప్పలేనంత తేలిగ్గానూ ఉంది.

కోడలు లేచి వచ్చి గోడకున్న బెజ్జం చూసింది. సంగతంతా విన్నది. "వీటిని ఎక్కడికీ మార్చకండి" అంది మేస్త్రితో. "ఎలా ఉన్నాయో అలాగే మూసేయండి. పెద్దవి నా గోడకే ఉండాలి."

"దడదడల పెట్టె కూడానా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అది ముందు బిగించండి."

మేస్త్రి మొహం వెలిగిపోయింది. టీ పూర్తి చెయ్యకుండానే సిమెంటు కలపడానికి వెళ్ళాడు. ఒక్క చిన్న లోపం మాత్రం ఉండిపోయింది. తలుపు కూడా ఆ గోడ పక్కనే ఉండటంతో టీవీని సరిగ్గా మధ్యన పెట్టడం కుదరలేదు, జానెడు పక్కకు జరిగింది. ఎవరు లోపలికి రావాలన్నా తెర పక్కనుంచే రావాలి. కొడుక్కి అది నచ్చలేదు. బుకింగమ్మకు మాత్రం పరమానందంగా ఉంది. బొమ్మా కనపడుతుంది, వచ్చేవాళ్ళూ కనపడతారు.

గోడ ఆరింది, రంగు వేశారు. ఒక్క తీగ కూడా బయటికి కనపడకుండా స్పీకర్లు మూతల వెనక బిగుసుకున్నాయి. మొదటి ఆట పొద్దున్నే అని బుకింగమ్మ ప్రకటించింది. కోడలు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, "ఇక కానివ్వండి" అని చెప్పి వెళ్ళి పడుకుంది. కొడుకు ఆలస్యంగా వెళ్తానని డిపోకి ఫోను చేశాడు. మామగారికి కుర్చీ వేస్తే కూర్చోలేదు, తలుపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడ్డారు. అలా అయితేనే సినిమా అర్థమవుతుందిట.

బొమ్మ మొదలైంది. ఒక బజారు, జనం, బళ్ళు, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. రిమోటు బుకింగమ్మ చేతిలో ఉంది. సౌండు బాగా తగ్గించి పెట్టుకుంది. బజారంతా గుసగుసలాడుతోంది.

"పెంచవే" అన్నారు మామగారు.

ఆవిడ వేలు మీట మీదే ఉంది గానీ కదలడం లేదు. చెప్పడం చెప్పింది పిల్ల, నిజమే. పెద్దమనసుతో చెప్పిందేమో? నా ముచ్చట తీరాలని అబద్ధమాడిందేమో? ఇన్నాళ్ళూ నిద్ర పట్టకపోయినా పట్టినట్టు ఉన్న మనిషి, ఇప్పుడు మాత్రం మెలకువగా ఉండి నిద్రపోయినట్టు ఉండదని ఏమిటి నమ్మకం? ఎదురుగా ఆ గోడ. అవతల పిల్ల ఎలా ఉందో తెలియదు. ఆవిడకు సినిమా కనపడటం లేదు, గోడే కనపడుతోంది.

గోడ మీద టకటకమని చప్పుడైంది. అవతలి నుంచి.

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బుకింగమ్మ కాస్త పెంచింది. బజారులో మనుషుల మాటలు తెలిశాయి.

మళ్ళీ టకటక. ఈసారి విసుగ్గా.

"ఇంకా పెంచమంటోంది" అన్నాడు కొడుకు.

ఆవిడ ఇంకా పెంచింది. బళ్ళు గది లోపలికి వచ్చాయి. ఎవరో చెవి పక్కనుంచి పిలిచారు. జనం వెనక నుంచి నడిచి ముందుకు వెళ్ళారు. నేల సన్నగా అదిరింది. ఆవిడ కళ్ళు గోడ మీదే ఉన్నాయి, చెవులు గోడకే ఉన్నాయి. ఇంకో చప్పుడు కోసం చూసింది. కాసేపు చూసింది. రాలేదు.

మొగుణ్ణి కోడలి గది దాకా వెళ్ళి చూసి రమ్మంది. ఆయన వెళ్ళి, మెల్లగా తలుపు తోసి చూసి వచ్చారు. ఒక చెయ్యి చెంపకు ఆనించి, నోరు తెరిచి, కోడలు ఎలా పడుకుందో చేసి చూపించారు. రెండో చెయ్యి గోడకు ఆనించే ఉందిట, కొడుతూ కొడుతూ అలాగే నిద్రపోయిందిట.

బుకింగమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత రిమోటు పక్కన పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి, సినిమా చూడటం మొదలుపెట్టింది.